నాలుగు వాటాల అద్దె ఇల్లు కొనేముందు: ఒడిశా సరిహద్దులో ఏమేం చూసుకోవాలి

"బరంపురంలో నాలుగు వాటాల ఇల్లు అమ్మకానికి వచ్చింది. నెలకి ఇరవై ఆరు వేలు అద్దె వస్తోందట. అరవై లక్షలు చెబుతున్నారు. కొనొచ్చా?"

ఊరి పేరు, అంకెలు మారతాయి గానీ ఈ ప్రశ్న ఆగదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్నవాళ్లు అడుగుతారు. ఇవతల ఇచ్ఛాపురం, పార్వతీపురం నుంచి అక్కడ కొనాలనుకునేవాళ్లూ అడుగుతారు. చాలామందికి అది రిటైర్మెంట్ డబ్బో, పొలం అమ్మిన డబ్బో అయ్యుంటుంది. పోతే మళ్లీ రాదు. అందుకే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మనవాళ్లు సాధారణంగా ముందు ఇల్లు చూస్తారు. నచ్చితే టోకెన్ అడ్వాన్సు ఇచ్చేస్తారు. కాగితాలు ఆ తర్వాత అడుగుతారు. ఒడిశాలో కొనేటప్పుడు ఈ వరస తిరగేయండి. ముందు పట్టా, తర్వాత అమ్మే మనిషి, తర్వాత అద్దెకున్నవాళ్లు, ఆ తర్వాత లెక్క, చివర్లో గోడలు. పట్టా చూడటం ఖర్చు లేని పని, ఫోన్లోనే అయిపోతుంది. ఇంజనీరుకి, లాయరుకి డబ్బవుతుంది. ఖర్చు లేని పరీక్షలో తప్పిన ఇంటికి ఖర్చయ్యే పరీక్ష అక్కర్లేదు. పైగా ఇల్లు ఒకసారి మనసుకి పట్టిందంటే, పట్టాలో లోపం కళ్లెదుట కనబడుతున్నా "ఎలాగోలా సర్దుకుంటుందిలే" అనిపిస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇంటి స్థలం మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు, ఖాతా నంబరు, ప్లాటు నంబరు. ఇవి ఇవ్వడానికి వెనకాడే మనిషి దగ్గర కొనకండి.
- ఒడియా చదవగలిగిన, ఈ బేరంతో సంబంధం లేని మనిషి. మనలో చాలామంది ఒడియా గడగడా మాట్లాడతాం, చదవలేం. పట్టా మాత్రం ఒడియాలోనే ఉంటుంది. బ్రోకర్ చదివి వినిపించింది చదివినట్టు కాదు.
- ఆ జిల్లా కోర్టులో పనిచేసే సివిల్ లాయరు. అమ్మేవాళ్ల లాయరు వద్దు.
- కొలతకి ఒక అమీను, అంటే భూమి కొలిచే సర్వేయరు. ఇంటికి ఒక సివిల్ ఇంజనీరు, లేదా అనుభవమున్న మేస్త్రి.
- టేపు, టార్చిలైటు, చిన్న సుత్తి, ఒక నోట్‌బుక్కు.

1. ముందు ఆ ఊరికి ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోండి

ఆంధ్రా ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం అందరికీ తెలుసు. సరిహద్దు దాటాక అది వర్తించదు. కానీ ఒడిశాకి తన చట్టం ఉంది: షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల స్థిరాస్తి బదలాయింపుకి సంబంధించిన 1956 నాటి 2వ రెగ్యులేషన్. 2002 సవరణ తర్వాత అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకి అమ్మడం కుదరదు.

పాత కోరాపుట్టు జిల్లా అంతా, అంటే ఇప్పటి కోరాపుట్టు, రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి జిల్లాలు, షెడ్యూల్డ్ ప్రాంతమే. రాయగడ పట్నం, జయపురం, సునాబేడ అన్నీ దీనిలోకే వస్తాయి. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి వైపు, గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతం. (గజపతిలో ఉన్న రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు. కాగితం మీద పేరు చూసి పొరబడకండి.) పర్లాకిమిడి పట్నం, బరంపురం నగరం షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు.

షెడ్యూల్డ్ ప్రాంతం కాని చోట కూడా ఎస్సీ, ఎస్టీలకు చెందిన భూమిని ఇతరులు కొనాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. అనుమతి లేని అమ్మకం చెల్లదు.

అమ్మేవాళ్లు గిరిజనులు కాకపోయినా పని అయిపోలేదు. వాళ్లు ఎవరి దగ్గర కొన్నారు, వాళ్లకి అమ్మినవాళ్లు ఎవరు అని వెనక్కి వెళ్తూ 1956 దాకా చూడాలి. మధ్యలో ఎక్కడైనా గిరిజనుల నుంచి గిరిజనేతరులకి మారి ఉంటే, అప్పటి అనుమతి కాగితం చూపించమనండి. అది లేకపోతే ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి. ఇది బేరంలో తగ్గించుకుని సర్దుకునే లోపం కాదు. చట్టం కాపాడేది ఆ భూమి అసలు హక్కుదారుల్ని. వాళ్ల భూమి మీద అద్దె తినడం న్యాయమూ కాదు, క్షేమమూ కాదు.

2. పట్టా చదవండి

ఒడిశాలో పట్టా అంటే హక్కుల రికార్డు, ఆర్ఓఆర్. ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల సైటు భూలేఖ్‌లో జిల్లా, తహసీల్, మౌజా ఎంచుకుని ఖాతా నంబరుతో గానీ ప్లాటు నంబరుతో గానీ వెతకొచ్చు. మొదటి పేజీలో హక్కుదారుల పేర్లు, వెనక పేజీలో ప్లాటు నంబర్లు, భూమి రకం, విస్తీర్ణం ఉంటాయి. రెండూ తీసుకోండి. మొదటి పేజీ ప్రింటు చేతిలో పెట్టి "అంతా క్లియర్" అనేవాళ్లున్నారు. అసలు విషయం వెనక పేజీలో ఉంటుంది.

వెనక పేజీలో "కిసమ్" (భూమి రకం) అన్న చోట చూడండి. ఇల్లున్న స్థలానికి "ఘరబారి", అంటే ఇంటి స్థలం, అని ఉండాలి. "శారద" అనో మరో సాగుభూమి పేరో ఉంటే, కాగితం ప్రకారం అది ఇంకా పొలమే. సాగుభూమిని ఇళ్ల స్థలంగా మార్చడానికి భూసంస్కరణల చట్టంలో 8-ఎ అనే దారి ఉంది. తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి మార్పించుకోవాలి. ఆ పని అమ్మేవాళ్లే పూర్తిచేసి, కొత్త పట్టా చూపించాకే రిజిస్ట్రేషన్ అని చెప్పండి. "మీరు కొన్నాక ఈజీగా అవుతుంది" అంటే, అంత ఈజీ అయితే వాళ్లే ఎందుకు చేయించుకోలేదో అడగండి.

హక్కుదారు పేరు ఉండాల్సిన చోట ఒడిశా ప్రభుత్వం అని ఉన్నా, "గోచర్" (పశువుల మేత భూమి), "సర్వసాధారణ" (ఊరుమ్మడి భూమి), "రక్షిత" (ప్రభుత్వం అట్టేపెట్టుకున్న భూమి) అని ఉన్నా అక్కడితో ఆగిపోండి. దేవుడి పేరుండి "దేవోత్తర్" అని గానీ, జగన్నాథుడి "అమృతమణోహి" అని గానీ కనిపించినా అంతే. లీజు భూమి అయితే లీజు ఎప్పటిదాకా ఉంది, బదలాయించే హక్కు ఉందా అన్నది లాయరు చూడాలి.

విస్తీర్ణం ఎకరాలు, డెసిమళ్లలో ఉంటుంది. ఒక డెసిమల్ మన సెంటే: ఎకరంలో నూరో వంతు, 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు. ఇక్కడివరకు ఇబ్బంది లేదు. గుంటల దగ్గరే తేడా వస్తుంది. ఒడిశాలో గుంట అంటే నాలుగు డెసిమళ్లు, అంటే ఎకరానికి 25 గుంటలు. తెలంగాణ, మహారాష్ట్ర లెక్కలో ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 గజాలే. బ్రోకర్ "రెండు గుంటల స్థలం" అంటే ఏ గుంటో అడక్కుండా మనసులో గుణించుకోకండి. పట్టాలో డెసిమళ్లు చూసి, అమీను చేత కొలిపించండి. పట్టా, మ్యాపు, నేల మీద గోడ, ఈ మూడూ ఒకే కొలత చెప్పాలి. గోడ ఎక్కువ చెబితే పక్కవాళ్లదో, రోడ్డుదో, కాలవదో కలిసి ఉంటుంది.

భూలేఖ్ ప్రింటు చూసుకోవడానికే. బేరం ముందుకు వెళితే తహసీల్ నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.

3. అమ్మే మనిషికి అమ్మే హక్కు ఉందా?

పట్టాలో తాతగారి పేరే ఉండి, ఇప్పుడు మనవడు అమ్ముతుంటే జాగ్రత్త. వారసులందరి జాబితా, పంపకం కాగితం కావాలి. అన్నదమ్ములతోపాటు అక్కచెల్లెళ్లు కూడా వారసులే. 2005 సవరణ తర్వాత హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది. "ఆవిడకి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అన్న మాట కోర్టులో నిలబడదు. ఆవిడ సంతకం కూడా ఉండాలి.

గంజాం నుంచి ఎంతోమంది సూరత్‌లో మగ్గాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. యజమాని సూరత్‌లో, ఇల్లు బరంపురంలో, పవర్ ఆఫ్ అటార్నీ బావమరిది దగ్గర. ఇలాంటి బేరాలు తరచూ వస్తాయి. పవర్ పట్టుకుని అమ్మకం దస్తావేజు రిజిస్టర్ చేయించడం కుదిరే పనే. కానీ ఆ పవర్ రిజిస్టరైందా, ఇంకా అమల్లో ఉందా, ఇచ్చిన మనిషి బతికే ఉన్నాడా అన్నవి చూడాలి. యజమానితో వీడియో కాల్లో మీరే మాట్లాడండి. డబ్బు యజమాని బ్యాంకు ఖాతాకే పంపండి. అమ్మకం దస్తావేజు లేకుండా "జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీ పేరున రాసిస్తాం" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. అలాంటి కాగితంతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది.

మన తెలుగువాళ్ల ఆస్తుల్లో ఇంకో చిక్కు పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా రికార్డులో చివర రాస్తారు. పట్టాలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, పాత దస్తావేజులో మరోలా ఉంటుంది. గంజాం, కోరాపుట్టు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ప్రాంతాలు కాబట్టి, పాత కుటుంబాల దగ్గర తెలుగు దస్తావేజులు కనిపించడం వింత కాదు. అవి ఉంటే భద్రంగా చదివించండి. హద్దులు చాలాసార్లు వాటిలోనే వివరంగా ఉంటాయి. పేర్ల తేడాలన్నీ ఒకే మనిషివని తేల్చే అఫిడవిట్టు, వీలైతే పట్టాలో సవరణ, రిజిస్ట్రేషన్‌కి ముందే అవ్వాలి. లేకపోతే తర్వాత మీ మ్యుటేషన్ (రికార్డులో మీ పేరు ఎక్కించడం) అక్కడే ఆగిపోతుంది.

4. అప్పులు, కేసులు, ప్లాను

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోండి. పదమూడేళ్లకి చాలంటారు గానీ ముప్పై ఏళ్లకి అడగండి, ఖర్చులో పెద్ద తేడా రాదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు కనబడకపోవచ్చు. అందుకే ఒరిజినల్ దస్తావేజులు కళ్లారా చూడాలి. "లాకర్లో ఉన్నాయి" అంటే లాకర్ తెరిచే రోజు వెళ్లండి. ఈ-కోర్ట్స్ సైటులో అమ్మేవాళ్ల పేరుతో కేసులు వెతకండి. తహసీల్ ఆఫీసులో రెవెన్యూ కేసులు అడిగించండి.

మున్సిపాలిటీ పరిధిలో ఉంటే మంజూరైన ప్లాను కాపీ తీసుకుని అంతస్తులు లెక్కపెట్టండి. ఒక అంతస్తుకి అనుమతి తీసుకుని రెండు కట్టిన ఇళ్లు కొల్లలు. అనుమతి లేని అంతస్తు అద్దెని మీ లెక్కలో కలపొద్దు. బ్యాంకు వాళ్లూ దానికి అప్పివ్వరు.

5. అద్దెకున్నవాళ్లతో మీరే మాట్లాడండి

అద్దె ఆదాయం కోసం కొంటున్న ఇంటికి ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. చాలామంది దీన్ని మొహమాటానికి వదిలేస్తారు. అమ్మేవాళ్లు ఇచ్చిన అద్దెల చిట్టీ వాళ్లు చెప్పిన మాట మాత్రమే. సాయంత్రం పూట, యజమాని పక్కన లేకుండా, ఒక్కో వాటా తలుపు తట్టండి. "ఇల్లు కొనాలని చూస్తున్నామండీ, మిమ్మల్ని ఖాళీ చేయమనడానికి రాలేదు" అని ముందే చెబితే మనసు విప్పి మాట్లాడతారు. అడగాల్సినవి ఇవి:

- అద్దె ఎంత, ఎప్పుడు పెంచారు?
- అడ్వాన్సు ఎంత ఇచ్చారు, రసీదుందా?
- ఎన్నాళ్లుగా ఉంటున్నారు, అగ్రిమెంటు ఉందా?
- కరెంటు, నీళ్లు ఎవరు కడతారు?
- వానాకాలంలో ఏ గది కారుతుంది? ఎండాకాలంలో నీళ్లు ఎన్నిగంటలకి వస్తాయి?

చివరి ప్రశ్నకి వచ్చే జవాబులు ఏ ఇంజనీరూ చెప్పలేడు.

చెప్పిన అద్దె నిజమో కాదో సరిచూడటానికి పన్నెండు నెలల ఫోన్‌పే లేదా బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. నగదు ఇచ్చేవాళ్లయితే, అదే వీధిలో "టు లెట్" బోర్డులున్న రెండు మూడు ఇళ్లకి ఫోన్ చేసి అద్దె కనుక్కోండి. వీధిలో ఐదున్నర వేలు పలికే వాటాకి ఇక్కడ ఏడు వేలు వస్తోందంటే, అమ్మకం కోసం తెచ్చి కూర్చోబెట్టిన చుట్టాలో, మీరు కొన్న నెలకే ఖాళీ చేసేవాళ్లో అయ్యుండొచ్చు.

అడ్వాన్సుల సంగతి మరిచిపోకండి. మీరు కొన్నాక వాళ్లు ఖాళీ చేసేటప్పుడు తిరిగివ్వమని మిమ్మల్నే అడుగుతారు. నాలుగు వాటాల అడ్వాన్సుల మొత్తాన్ని అమ్మకం ధరలోంచి తగ్గించి, ఆ సంగతి అగ్రిమెంట్లో రాయించాలి. మరోవైపు, మీరు కొనకముందు పేరుకున్న అద్దె బకాయిలు ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప మీకు రావు. "మూడు నెలల బాకీ ఉంది, అది మీరు వసూలు చేసుకోండి" అన్న మాటకి ధర పెంచకండి.

ముందు గదిలో పాత కొట్టు ఉంటే ఎన్నేళ్లుగా ఉందో, ఎంత కడుతున్నారో తెలుసుకోండి. పాతికేళ్లుగా నామమాత్రపు అద్దెకి ఉన్న కొట్టుని ఖాళీ చేయించడం అంటే కోర్టు చుట్టూ తిరగడమే. ఖాళీ చేయించి ఇచ్చే పూచీ అమ్మేవాళ్ల మీదే పెట్టండి. చేయించకపోతే ఆ గదికి అద్దె సున్నా అనుకుని లెక్కేయండి.

ఎవరు అద్దెకొస్తారన్నది ఊరిని బట్టి మారుతుంది. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ చుట్టుపక్కల వాటాలు ఖాళీగా ఉండటం తక్కువ. విద్యార్థులకి ఇచ్చే వాటాలైతే సెలవుల్లో ఖాళీ అవుతాయి, గోడలూ కుళాయిలూ త్వరగా పాడవుతాయి. సునాబేడలో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్, దామన్‌జోడిలో అల్యూమినియం కంపెనీ నాల్కో, రాయగడ దగ్గర జేకేపూర్ పేపర్ మిల్లు లాంటి చోట్ల, కంపెనీ క్వార్టర్లు ఎంతమందికి సరిపోతున్నాయో కనుక్కోండి. గుణుపురంలో, పర్లాకిమిడిలో ప్రైవేటు యూనివర్సిటీల మీద ఆధారపడిన అద్దెలున్నాయి. కాలేజీ కొత్త హాస్టల్ కడుతోందంటే మీ వాటాలకి గిరాకీ తగ్గుతుంది. రాయగడలో కొత్త రైల్వే డివిజన్ మాట చెప్పి ఇప్పుడే ధర పెంచుతున్నారు. 2025 జనవరిలో శంకుస్థాపన అయిన మాట నిజమే. కానీ రేపు వచ్చే అద్దెకి ఇవాళ డబ్బు కట్టకండి. ఇవాళ వస్తున్న అద్దె మీదే బేరం చేయండి.

6. లెక్క వేయండి

మొదట్లో చెప్పిన ఇంటినే ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు లెక్క చూపించడానికి వేసినవి. మీ ఇంటివి పెట్టుకోండి.

అమ్మేవాళ్ల లెక్క: కింద రెండు వాటాలు ఏడేసి వేలు, పైన రెండు ఆరేసి వేలు. నెలకి 26,000, ఏడాదికి 3,12,000. ధర 60 లక్షలు. అంటే 5.2 శాతం.

ఇప్పుడు మన లెక్క. విచారిస్తే ఆ వీధిలో కింద వాటాలకి 6,500, పైవాటికి 5,500 పలుకుతోంది. నెలకి 24,000, ఏడాదికి 2,88,000. ఒక్కో వాటా ఏడాదికి సగటున ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుంటే 24,000 పోయి 2,64,000 మిగులుతుంది. ఇక ఖర్చులు:

- హోల్డింగ్ ట్యాక్స్ (మున్సిపాలిటీ ఇంటి పన్ను), నీళ్ల బిల్లు: 8,000
- మోటారు, మెట్ల లైట్ల కరెంటు: 12,000
- ఏటా వచ్చే రిపేర్లు: 30,000
- రంగులు, స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ కోసం పక్కన పెట్టేది: 20,000
- సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకుల శుభ్రం: 6,000
- తుపాను, వరద కవరేజీతో ఇన్సూరెన్స్: 6,000

మొత్తం 82,000. చేతికొచ్చేది 1,82,000.

పెట్టుబడి కూడా అరవై లక్షలు కాదు. మగవాళ్ల పేరున కొంటే ఒడిశాలో స్టాంపు డ్యూటీ 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, కలిపి 4.2 లక్షలు. ఆడవాళ్ల పేరున అయితే డ్యూటీ 4 శాతమే, అరవై వేలు మిగులుతాయి. వెంటనే చేయాల్సిన రిపేర్లు 3 లక్షలు, లాయరు, అమీను, బ్రోకర్ కలిపి 80,000 అనుకుందాం. మొత్తం 68 లక్షలు. దాని మీద 1,82,000 అంటే 2.7 శాతం కూడా లేదు. అమ్మేవాళ్లు చెప్పిన దాంట్లో సగం.

ఇందులో 40 లక్షలు బ్యాంకు అప్పు అయితే, 9 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకి ఈఎంఐ సుమారు 36,000. ఇంటి మీద నెలకి చేతికొచ్చేది 15,000 పైచిలుకు. మిగతా 21,000 మీ జీతంలోంచో పెన్షన్లోంచో కట్టాలి. "అద్దెలే అప్పు తీర్చేస్తాయి" అన్న మాట ఈ లెక్క వేసుకున్నాకే నమ్మాలో వద్దో నిర్ణయించుకోండి.

బేరం ఎంతకి ఆడాలో కూడా ఇక్కడే తేలుతుంది. మీకు కనీసం 3.5 శాతం రావాలనుకుంటే 1,82,000ని 0.035తో భాగించండి. 52 లక్షలు వస్తుంది. అది మొత్తం పెట్టుబడి. అందులోంచి రిపేర్లు, ఇతర ఖర్చుల 3.8 లక్షలు తీసేసి, మిగిలినదాన్ని 1.07తో భాగిస్తే సుమారు 45 లక్షలు. మీరు ఇవ్వగలిగిన ధర అది. అమ్మేవాళ్లు అంతకి దిగకపోవచ్చు. స్థలం ధర పెరుగుతుందన్న నమ్మకంతో ఎక్కువ పెట్టాలనుకుంటే పెట్టండి, అది మీ ఇష్టం. కానీ ఎంత అద్దె కోసం ఇస్తున్నారో, ఎంత ఆ నమ్మకం కోసం ఇస్తున్నారో మీకు తెలిసి ఉండాలి.

లెక్క సరిగ్గా ఉందో లేదో చూడాలంటే, రెండు వాటాలు వరసగా మూడు నెలలు ఖాళీ అయినట్టు వేసి మళ్లీ చూడండి. ఆ మూడు నెలలూ ఈఎంఐ టెన్షన్ లేకుండా కట్టగలిగితే ముందుకెళ్లండి.

7. కరెంటు మీటర్లు చూడండి

నాలుగు వాటాలకి నాలుగు మీటర్లు విడిగా ఉన్నాయా? ఒకే మీటరు మీద అందరూ వాడితే యూనిట్లు పైస్లాబులోకి వెళ్లి రేటు పెరుగుతుంది, ప్రతి నెలా పంపకాల గొడవ వస్తుంది. ఈ జిల్లాల్లో కరెంటు సరఫరా కంపెనీ టీపీఎస్ఓడీఎల్. 2021 జనవరికి ముందు సౌత్‌కో. కన్జ్యూమర్ నంబరుతో తాజా బిల్లు తీసి బకాయి చూడండి. పాత యజమాని బాకీని కొత్త యజమాని నుంచి అడిగే నిబంధనలు చెల్లుతాయని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ లేదన్న కాగితం రిజిస్ట్రేషన్‌కి ముందే తీసుకోండి.

8. ఇప్పుడు ఇంటిని చూడండి

వానాకాలంలో చూడగలిగితే అంతకంటే మంచి సమయం లేదు. అమ్మకానికి ముందు వేసిన కొత్త రంగు చెమ్మ మరకల్ని దాచేస్తుంది. ఒక్క గదికే, ఒక్క గోడకే కొత్త రంగుంటే అక్కడ చెయ్యి పెట్టి చూడండి.

స్లాబు అడుగున, బీముల అంచున టార్చి వేయండి. చువ్వల వరసలోనే గోధుమరంగు చారలు, పగుళ్లు ఉంటే లోపల ఇనుము తుప్పు పడుతోంది. గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి ఇది త్వరగా వస్తుంది. సుత్తితో మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరు విడిపోయింది. ఒకట్రెండు చోట్లయితే రిపేరు, స్లాబు అంతా అలాగే ఉంటే ఇల్లు స్థలం ధరకే. పై అంతస్తు తర్వాత కట్టిందైతే, పైగోడలు కింద బీముల మీదే నిలబడ్డాయా, స్లాబు మధ్యలో నిలబడ్డాయా అని ఇంజనీరు చేత చూపించండి. అద్దె ఆశతో పునాది ఆలోచించకుండా పైకి లేపిన ఇళ్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

తుపాన్ల సంగతి ఇరుగుపొరుగుని అడగండి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచింది. "తిత్లీకి ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అని పర్లాకిమిడిలో ఏ పెద్దావిడని అడిగినా గోడ మీద వేలు పెట్టి చూపిస్తుంది. గుణుపురం, కాశీనగరం వైపు వంశధార గురించి, రాయగడలో నాగావళి గురించి ఇలాగే అడగండి.

బోరు మోటారు అరగంట ఆగకుండా నడిపించి ధార తగ్గుతుందేమో చూడండి. ఒక బకెట్ నీళ్లు రాత్రంతా ఉంచితే ఇనుము ఎక్కువైతే తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి చేరుతుంది. సెప్టిక్ ట్యాంకు బోరుకి ఎంత దూరంలో ఉందో కొలవండి. ఆఖరికి మేస్త్రి చేత రిపేర్ల ఖర్చు కాగితం మీద రాయించుకుని, ఆ అంకెతో 6వ మెట్టు లెక్క మళ్లీ వేయండి.

9. డబ్బు, అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్

పై మెట్లన్నీ అయ్యేదాకా టోకెన్ ఇవ్వకండి. "ఇంకో పార్టీ రేపు వస్తున్నారు" అన్న ఒత్తిడి ప్రతి బేరంలోనూ ఉంటుంది. తప్పదనుకుంటే, పట్టాలో గానీ హక్కులో గానీ లోపం తేలితే తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించి, బ్యాంకు ద్వారా కొద్ది మొత్తం ఇవ్వండి. ఇరవై వేలు, ఆపైన నగదు ఇచ్చిపుచ్చుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పదు. ధర యాభై లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ మీరే కోసి కట్టాలి. అమ్మేవాళ్లు విదేశాల్లో ఉంటే టీడీఎస్ రేటు వేరు, సీఏని కలవండి. స్టాంపు డ్యూటీని బెంచ్‌మార్క్ విలువ (ప్రభుత్వం కట్టిన విలువ), అసలు ధర, ఈ రెండిట్లో ఎక్కువైనదాని మీద లెక్కిస్తారు కాబట్టి బెంచ్‌మార్క్ ముందే కనుక్కోండి.

అగ్రిమెంట్లో ఇవి ఉండాలి: నాలుగు వాటాలవాళ్ల పేర్లు, అద్దెలు, అడ్వాన్సులు. ఖాళీ చేయించాల్సిన గది ఏది, ఎప్పటిలోగా. కరెంటు, హోల్డింగ్ ట్యాక్స్ బకాయిలు ఎవరివి. ఏ తేదీ నుంచి అద్దె మీది.

10. కొన్నాక వెంటనే

రిజిస్ట్రేషన్‌తో పని అయిపోయిందనుకుని దస్తావేజు బీరువాలో పెట్టేస్తారు. తహసీల్లో మ్యుటేషన్ అయి, భూలేఖ్‌లో మీ పేరు కనబడేదాకా పని అవ్వలేదు. పేరు, ప్లాటు నంబరు, డెసిమళ్లు, కిసమ్ నాలుగూ మీ దస్తావేజుతో పోల్చి చూడండి. అక్షరం తప్పున్నా అప్పుడే సరిచేయించండి. తర్వాత మున్సిపాలిటీ హోల్డింగ్, కరెంటు మీటర్లు మీ పేరుకి మార్పించండి.

అద్దెకున్న ప్రతి ఇంటికీ పాత యజమాని సంతకంతో ఒక ఉత్తరం ఇప్పించండి: ఇల్లు ఫలానావారికి అమ్మాను, ఫలానా నెల నుంచి అద్దె వాళ్లకి కట్టండి, మీ అడ్వాన్సు వాళ్లకి అప్పజెప్పాను అని. దాని కాపీ మీద వాళ్ల సంతకం తీసుకుని, మీతో కొత్తగా పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకోండి. ఏడాదికి మించి రాసుకుంటే రిజిస్టర్ చేయించాలి. ఆ ఇంట్లోవాళ్లకి తెలుగు రాకపోతే అగ్రిమెంటు వాళ్లు చదవగలిగే భాషలో కూడా ఒక కాపీ ఇవ్వండి.